చేదుపూల బాన

వెనక రాతిపలక దభాలున పడింది. ఆ అదురుకు గుహ పైకప్పు నుంచి మట్టి జలజలా రాలింది. కుసుమావళి రాజ్యపు చిన్న రాకుమారుడు సుకేతుడు ఉలిక్కిపడి వెనుదిరిగి చూసేసరికి, వచ్చిన దారి లేదు. నున్నటి బండ ఒకటి, దాని మీద మొసలి బొమ్మ ఒకటి, అంతే.

నిజం చెప్పాలంటే అది అతడు కోరి తెచ్చుకున్న చెర. అన్న మణిభద్రుడు వేటకని బయలుదేరి ఈ కాకోల పర్వతం మీద జాడ లేకుండా పోయాడు. పర్వతం కింది పల్లెల్లో వాకబు చేస్తే తేలింది ఒకటే. గుహలో కుంభీరుడనే మాంత్రికుడున్నాడు. లోపలికి వచ్చిన వాళ్ళలో సుర కాచడం తెలిసిన వాళ్ళను తప్ప ఎవరినీ ప్రాణాలతో ఉంచడు. ఇంకేముంది, సుకేతుడు పట్టుబట్టలు విప్పి, జిడ్డు పాగా చుట్టి, నడుముకు కర్రగరిటె దోపుకుని, దేశదేశాల పేరుమోసిన బట్టీకాడినని చెప్పుకుంటూ వచ్చేశాడు. ఆ మహానుభావుడు పుట్టి బుద్ధెరిగాక గంజి కూడా కాచి ఎరగడు!

"ఒరే బట్టీకాడా!" కుంభీరుడి కేక గుహంతా మారుమోగింది. మోకాళ్ళ దాకా జడలు, మెళ్ళో మొసలి పళ్ళ దండ, చేతిలో ఎముకల దండం. "వచ్చేటప్పుడు గుహ ముఖాన పక్షిని చూశావా?"

చూడకపోవడమా! ఆ రూపం ఇంకా కళ్ళ ముందే ఉంది. పాతాళానికి తెరిచిన నోరులాంటి లోయ, దాని అంచున రెండు బారల వెడల్పు రాతి అరుగు, ఆ అరుగు మీద గండభేరుండం. ఇంద్రనీలాలు పొదిగినట్టు మెరిసే ఈకలు. రెక్క విప్పితే ఆకాశం కనబడదు. పసిడి రంగు ముక్కుతో ఒక తల, పగడపు ముక్కుతో మరో తల, నాలుగు కళ్ళలోనూ నిప్పు. అది కదిలినప్పుడల్లా కాలి గోళ్ళు బండ మీద గీసుకుని రవ్వలు లేస్తున్నాయి. లోపలికి వెళుతున్న సుకేతుణ్ణి మాత్రం అది కన్నెత్తి కూడా చూడలేదు.

"అది లోపలికి ఎవరినైనా రానిస్తుంది, బయటికి ఎవరినీ పోనివ్వదు," అన్నాడు కుంభీరుడు పళ్ళు నూరుతూ. "దాని రెక్కల నీడలో నా మంత్రం కూడా పారదు. దానికి కావలసింది చేదుపూల యవసుర. పసిడి ముక్కు తల ముందు వాసన చూస్తుంది. పరిమళం బాగుంటే పగడపు ముక్కు తల తాగుతుంది. తాగినంతసేపూ నాలుగు కళ్ళూ మూతబడి ఉంటాయి. దాటితే అప్పుడే దాటాలి. నా పాత బట్టీవాడు చచ్చిన నాటి నుంచి నేనే నా గుహలో బందీని!"

అంత గొప్ప మాంత్రికుడు ఆ మాట అనేసరికి సుకేతుడికి లోలోపల నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"యవలు అవిగో. చేదుపూలు అవిగో. ఊటనీళ్ళు, పొయ్యి, కట్టెలు అన్నీ ఉన్నాయి. సుర కుదిరిందా, నువ్వు చూపిన బానను మళ్ళీ మనిషిని చేస్తాను. చెడిందా, ఆ వరసలో నువ్వూ ఒక బానవు!" అని దండం ఎత్తి గోడవైపు చూపించి, మెట్లెక్కి పై గుహలోకి వెళ్ళిపోయాడు.

గోడ వారగా మనిషెత్తు మట్టిబానలు బారులు తీరి ఉన్నాయి. సుకేతుడు దివిటీ పట్టుకుని దగ్గరికి వెళ్ళాడు.

"కొత్తవాడొచ్చాడమ్మా చెన్నాంబా, చూశావా!" అంది మొదటి బాన. "మెడ సన్నంగా ఉంది. బాన అయితే మూతి ఇరుకవుతుంది వీడికి."

"నీ మూతి సంగతి చూసుకో గుండప్పా! అడుగున నెర్రె ఇచ్చి ఇన్నేళ్ళయింది, ఇంకా వాగుతూనే ఉన్నావు," అంది పక్క బాన ఆడగొంతుతో.

సుకేతుడు రెండడుగులు వెనక్కి వేశాడు. బానల మూతులే వాటి నోళ్ళు. ఖాళీగా ఉన్నంతసేపూ అవి మాట్లాడగలవు. అవతలి చివర నుంచి మూడో గొంతు వినిపించింది. ఆ గొంతు అతడికి చిన్నప్పటి నుంచి తెలుసు.

"సుకేతూ! నువ్వెందుకొచ్చావురా ఇక్కడికి?"

సుకేతుడు పరుగున పోయి ఆ బానను రెండు చేతులా వాటేసుకున్నాడు. కళ్ళ నీళ్ళు ఆగలేదు. "అన్నా! నిన్ను తీసుకుపోవడానికే వచ్చాను."

"తీసుకుపోతాడట! నీకు సుర కాచడం వచ్చా?"

"రాదు."

"నాకూ రాదు. వచ్చని చెప్పే ఇలా అయ్యాను," అన్నాడు మణిభద్రుడు దిగులుగా. "అమ్మకు ఇద్దరమూ లేకుండా పోయామన్నమాట."

గుండప్ప గట్టిగా దగ్గాడు. బాన దగ్గితే గుహంతా దద్దరిల్లుతుంది. "ఓహో, ఇద్దరూ రాజబిడ్డలా! బాగుంది వరస. బాబూ, ఏడుపులు తర్వాత. పని తెలిసినవాణ్ణి నేనున్నాను. యవలు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తియ్యనీళ్ళు వడకట్టి కాచడం దాకా నేను చెప్పినట్టు చెయ్యి. ఇక పూలంటావా, మొదటి పొంగులోనే వేసి, నీళ్ళు సగానికి మరిగేదాకా కాచాలి."

"అలా కాచే కదయ్యా నువ్వు బాన అయ్యావు!" అంది చెన్నాంబ. "వాసనంతా ఆవిరిలో పోయింది. మిగిలింది వేపాకు కషాయం. ఆ పక్షి దానికి ముక్కు తిప్పుకుందంటే తిప్పుకోదూ!"

"మరి నీదో? మా ఊళ్ళో నల్లులు చచ్చినా అంత కంపు కొట్టవు!"

"మాది ఎండ కాచే కొండసీమ. ఏ సురైనా ఎండలో పెట్టి పండిస్తాం. పొంగు దించాక పూలు వేశాను, వాసన ఎంత కమ్మగా వచ్చిందనుకున్నావ్! పైకప్పు కంతలోంచి ఎండ పడేచోట పెట్టాను. ఎందుకు చెడిందో నాకిప్పటికీ తెలీదు."

సుకేతుడికి పని రాకపోయినా చెవులున్నాయి. ఒక్కొక్కరినీ అడిగాడు, చెప్పిందంతా విన్నాడు. పొంగులో వేస్తే పరిమళం పోతుంది. ఎండ తగిలితే పూలు కంపు కొడతాయి. "అన్నా, నువ్వేం చేశావు?"

"వీళ్ళిద్దరి తప్పులూ చెయ్యలేదు. పొయ్యి మీంచి దించాకే పూలు వేశాను, చీకట్లోనే పెట్టాను. పులియడానికి తోడు వేశాక నురగ బాగానే లేచింది. అది అణిగాక ఇంకాసిని పూలు వేసి, మన వంటవాళ్ళు పాలు చల్లార్చినట్టు, ఈ కుండలోంచి ఆ కుండలోకి ఎత్తు నుంచి ధారగా పోశాను. మర్నాటికి బంగారు రంగు కాస్తా బురద రంగయింది. వాసన చూస్తే తడిసి ఎండిన తాటాకు."

"గాలి పట్టింది," అన్నారు గుండప్ప, చెన్నాంబ ఒక్కసారే. ఇద్దరికీ మాట కలవడం అదే మొదటిసారి కాబోలు, వెంటనే ఊరుకున్నారు.

ఇక సుకేతుడు ఆలస్యం చెయ్యలేదు. పాగా బిగించి పనిలో దిగాడు. మొలకెత్తించి ఎండబెట్టిన యవలు దంచాడు. చేతులు బొబ్బలెక్కాయి. తియ్యనీళ్ళు కాచాడు. కనుబొమలు కాలాయి. పొయ్యి ఆర్పాక చేదుపూలు వేశాడు. చిటికెన వేలి కొసంత పచ్చని పూలు, రేకుల మధ్య పసుపు పుప్పొడి. నలిపితే నారింజ తొక్క, దేవదారు జిగురు కలిసిన వాసన. ఆ వాసనకు గుహలో గబ్బిలాలు సైతం కాసేపు గోల మానాయి.

అంతా చల్లారాక పొయ్యడానికి బాన కావాలి. గుండప్ప అడుగున కారుతుంది. చెన్నాంబ లోపల పాత కంపు వదల్లేదు. మిగతావన్నీ బీటలు వారి ఎప్పుడో నోళ్ళు పడిపోయినవి.

"నాలోనే పొయ్యి," అన్నాడు మణిభద్రుడు. "నేను కొత్త బానను, గట్టివాణ్ణి. ఒక్కటే సంగతి, నిండాక నేను మాట్లాడలేను. భయపడకు."

"భయమా? నాకా?" అన్నాడు సుకేతుడు. రెల్లుగొట్టం బాన అడుగుదాకా దించి, చుక్క చిందకుండా, గాలి కలవకుండా మెల్లగా నింపాడు. సుర పైకి వస్తున్నకొద్దీ అన్న గొంతు నీళ్ళలో మునిగినట్టు బొంగురుపోయి ఆగిపోయింది.

తోడు వేశాడు. నురగ లేచింది, పొంగింది, అణిగింది. అప్పుడు ఇంకో దోసెడు పూలు వేసి, గాలి భయంతో మూత పెట్టి, చుట్టూ లక్క కరిగించి పోసి, వేలు దూరే సందు కూడా లేకుండా మూసేశాడు. దీపం దూరంగా పెట్టి బాన మీద దుప్పటి కప్పాడు. ముగ్గురూ చేసిన తప్పుల్లో ఒక్కటీ తాను చెయ్యలేదని హాయిగా గోడకు చేరగిలబడ్డాడు.

నాలుగో తప్పు అప్పటికే మొదలైంది.

ముందు బాన లోపల తేనెపట్టులాంటి రొద వినబడింది. తర్వాత టిక్కుమని ఒక చప్పుడు. సుకేతుడు దుప్పటి లాగేశాడు. మూత మీది లక్క పొంగిన పూరీలా ఉబ్బి ఉంది. బాన భుజం మీద జుట్టుపోగంత గీత ఒకటి, అతడు చూస్తుండగానే, జానెడు సాగింది.

"పూలు మళ్ళీ పులుపును లేపాయి!" అని అరిచింది చెన్నాంబ. "చల్లబడ్డాక వేసిన పూలు అణిగిన నురగను మళ్ళీ రెచ్చగొడతాయి. గాలి పోయే దారి లేదయ్యా! బాన పగిలిందంటే మీ అన్న..."

"మూత తీశాడంటే గాలి పడుతుంది!" అని గుండప్ప అంతకన్నా గట్టిగా అరిచాడు. "తాటాకు కంపు! అప్పుడు తమ్ముడూ బానే, అన్నా బానే!"

టిక్కు. గీత ఇంకో జానెడు సాగింది. తీస్తే ఒక చావు, తియ్యకపోతే ఒక చావు. అన్నను అడుగుదామంటే అన్న నోటికి తానే లక్క పూశాడు.

పక్కన పడి ఉన్న రెల్లుగొట్టం వంక చూశాడు. చిన్నప్పుడు గురువుగారు పాఠానికి పిలిస్తే అన్నదమ్ములిద్దరూ కోట కొలనులో మునిగి, తామరతూడు నోట పెట్టుకుని దాక్కునేవాళ్ళు. అన్న ఆ తూడు కొసను నీళ్ళలో ముంచి ఊదితే బుడబుడమని బుడగలు పోయేవి. ఊదిన గాలి పోవడమే తప్ప బయటి గాలి లోపలికి వచ్చేది కాదు.

అంతే, లేచాడు. ఇనుపసీల పొయ్యిలో ఎర్రగా కాల్చి లక్కలో గుచ్చాడు. బుస్సుమని ఒక్కసారిగా ఊపిరి ఎగజిమ్మి అతడి ముఖాన కొట్టింది. చప్పున గొట్టం దూర్చి, చుట్టూ మైనం మెత్తి, రెండో కొసను వంచి నీళ్ళచెంబులో ముంచాడు. బుడబుడ, బుడబుడ. చెంబులో బుడగలు పొర్లాయి. ఉబ్బిన లక్క మెల్లగా దిగింది. గీత ఆగింది.

"అబ్బ! రాజబిడ్డ అనిపించుకున్నావు," అన్నాడు గుండప్ప. చెన్నాంబ మాత్రం మూతితో గాలి ఎగబీల్చింది. "ఆ బుడగల్లో వెన్న కాచిన వాసన వస్తోందయ్యా. ఇది ఇంకా పచ్చి. తోడు తన పని ముగిస్తే ఆ వాసనను అదే తినేస్తుంది. అందాకా ఓపిక పట్టాలి, వెచ్చగా ఉంచాలి."

ఓపిక పట్టడానికి వ్యవధి ఎక్కడిది? మెట్ల మీద దబదబ అడుగులు. పరిమళం పై గుహ దాకా పాకింది. కుంభీరుడు గెంతుకుంటూ వచ్చాడు.

"అయిపోయింది! వాసన వచ్చేసింది! తియ్యి మూత!"

"స్వామీ, ఇంకా కాలేదు."

"నాకే ఎదురు చెబుతావా?" ఎముకల దండం సుకేతుడి గొంతు మీదికి వచ్చింది. దాని కొన తగిలినచోట చర్మం మట్టిలా బిరుసెక్కడం అతడికి తెలుస్తూనే ఉంది.

"చంపితే చంపండి. కానీ ఆ చెంబు దగ్గర ఒక్కసారి వాసన చూసి చంపండి," అన్నాడు సుకేతుడు. "వెన్న వాసన వస్తోందా? ఇదే పట్టుకుపోయి పక్షి ముందు పెట్టామనుకోండి. పసిడి ముక్కుకు అది తెలిసిపోతుంది. అప్పుడు అరుగు మీద దాని పక్కన ఉండేది ఎవరు? నేనా, దాటబోయే తమరా?"

కుంభీరుడు వంగి వాసన చూశాడు. ముఖం మాడ్చుకున్నాడు. దండం దించి దివిటీ వైపు చూపించాడు. "అది ఆరేదాకా గడువు. ఆరాక ఒక్క క్షణం ఆగను."

దివిటీలో నూనె అడుగంటి ఉంది. సుకేతుడు పొయ్యిలోని వెచ్చని బూడిద గుడ్డల్లో మూటకట్టి బాన చుట్టూ పేర్చాడు. అదీ చాలదని దుప్పటి కప్పుకుని తానే బానను కావలించుకుని కూర్చున్నాడు. చల్లని మట్టికి చెంప ఆనించి, "అన్నా, కాస్త తొందరగా కానియ్యి," అని గొణిగాడు. లోపల రొద సాగుతూనే ఉంది. దివిటీ మినుకుమంది. బుడగలు నిదానించాయి. చెన్నాంబ వాసన చూసి, "ఉంది," అంది. మళ్ళీ చూసి, "ఇంకా ఉంది," అంది. దివిటీ పొగ చిమ్మి ఎర్రగా మిగిలిన క్షణాన, "పోయింది! వెన్న పోయింది! నారింజే ఉంది!" అని కేక పెట్టింది.

దివిటీ ఆరింది. ఆ చీకట్లో రాతిపలక గరగరమంటూ పైకి లేచింది.

చక్రాల పీట మీద బానను తోసుకుంటూ ఇద్దరూ అరుగు మీదికి వచ్చారు. వెలుగుకు సుకేతుడు కళ్ళు చిట్లించాడు. గండభేరుండం ఒక్కసారి రెక్కలు దులిపింది. ఆ గాలికి కుంభీరుడి జడలు నిలువునా లేచాయి. సుకేతుడు లక్క పగలగొట్టి మూత తీశాడు. పసిడి ముక్కు తల వంగింది. బాన మూతి చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ తల నెమ్మదిగా వెనక్కి వాలి, గుర్రుమని హాయిగా ఒక కూత కూసింది.

పగడపు ముక్కు బానలోకి దిగింది. నాలుగు కళ్ళూ మూతబడ్డాయి.

"బాన ఒరిగిపోతోంది, పట్టుకో!" అన్నాడు కుంభీరుడు. నిజమే. పక్షి తాగుతూ తాగుతూ బానను తనవైపు, లోయ అంచుకు లాక్కుంటోంది. సుకేతుడు ఎగిరి బానను వాటేసుకుని, పాదాలు బండ పగులులో తన్నిపెట్టాడు. ఆ క్షణం కోసమే కాచుకున్నట్టు మాంత్రికుడు రెక్క కిందినుంచి దూరి అవతల కొండ దిగే మెట్లకు చేరాడు.

"మాట ఇచ్చావు! ఈ బానను మనిషిని చెయ్యి!" అని అరిచాడు సుకేతుడు.

"చెయ్యకేం చేస్తాను! వదిలి ఇలా రా, ఇక్కడి నుంచి చేస్తాను!" అని కుంభీరుడు పకపకా నవ్వాడు. వదిలితే బాన లోయలో పడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సుర తగ్గుతున్నకొద్దీ బాన అడుగు నుంచి గొంతు తేలింది. ముందు గుడగుడ, తర్వాత మాట. "వదిలెయ్యి తమ్ముడూ! కళ్ళు మూసుకునే ఉంది, దాటెయ్యి! ఒక్కడివైనా ఇల్లు చేరు!"

"నోరు మూసుకో అన్నా!" అన్నాడు సుకేతుడు. పుట్టాక అన్నను అంత మాట అనడం అదే మొదలు. భుజాలు ఊడిపోతున్నాయి, మడమలు చీరుకుని రక్తం కారుతోంది. అయినా పట్టు సడలించలేదు. దారి ఎదురుగా, నాలుగంగల దూరంలో, తెరిచే ఉంది. అటు చూడదలచుకోక ముఖం బానకు ఆనించాడు.

పగడపు ముక్కు పైకి లేచింది. నాలుగు కళ్ళూ తెరుచుకున్నాయి. రెక్క అడ్డంగా వాలింది, దారి మూసుకుపోయింది. సుకేతుడు బానను లోపలికి ఈడ్చి దాని పక్కనే కూలబడ్డాడు. ఈకల సందులోంచి ఆ మెట్ల దిగువ కొద్దిగా కనిపిస్తోంది. అక్కడ చెట్టుకు కట్టేసి వచ్చిన తన గుర్రం, జీను మీద కుసుమావళి రాజముద్రతో, ఉంది. కుంభీరుడు దాని దగ్గరికి చేరాడు. గుర్రం బెదిరి ముందుకాళ్ళు ఎత్తింది. మాంత్రికుడు ఏదో గొణిగి ఒళ్ళు విదిలించాడు. జడలు రాలిపోయాయి, మొసలి పళ్ళ దండ మాయమైంది. గుర్రం కాళ్ళు దించి, ఆ కొత్త మనిషి భుజానికి మూతి రాసింది.

"బయట ఏమవుతోంది?" అన్నాడు మణిభద్రుడు. "సుకేతూ, మాట్లాడవేం? ఎవరైనా వెళుతున్నారా?"

సుకేతుడు అటే చూస్తున్నాడు. గుర్రం కుసుమావళి దారి పట్టింది. మలుపు దగ్గర రౌతు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఆ ముఖం సుకేతుడు రోజూ అద్దంలో చూసుకునేదే.

"నేనే వెళుతున్నాను అన్నా," అన్నాడు. "అమ్మ దగ్గరికి."